తలలో చిల్లు, ముక్కులో మాసిక

ముక్కును గురించి మన తెలుగువాళ్లు మాట్లాడుకున్నంతగా మరే అవయవాన్ని గురించీ మాట్లాడుకోలేదేమో! కోపం ముక్కు మీద ఉంటుంది. ఆశ్చర్యం కలిగితే వేలు ముక్కు మీదికే పోతుంది. పరిచయం లేనివాడు ముక్కూ మొహమూ తెలియనివాడు. ఉన్నమాట మొహం మీద అనేసేవాడు ముక్కుసూటి మనిషి. ఇంత పలుకుబడి గల ముక్కుకు జబ్బు చేస్తే మాత్రం ఎవరూ లెక్క చేయరు. రొంప అనీ, పడిశమనీ, జలుబనీ మూడు పేర్లు పెట్టి, మిరియాల కషాయం కాచి ఇచ్చి, ఆవిరి పట్టించి ఊరుకుంటాము. మందు వేసుకుంటే వారం రోజుల్లోనూ, వేసుకోకపోతే ఏడు రోజుల్లోనూ తగ్గుతుందని ఒక ఛలోక్తి కూడాను.

చాలా మట్టుకు ఆ ఛలోక్తి నిజమే. కాని వారమూ కాక, ఏడు రోజులూ కాక, ఏడు నెలలు కారే ముక్కు ఒకటున్నది. అది జలుబు కాదు. కారేది ముక్కునీరూ కాదు. తలలోపల మెదడు చుట్టూ ఉండవలసిన నీరు చిల్లు పడి ముక్కులోకి దిగుతున్నదన్న మాట. ఆ చిల్లును ఇవాళ డాక్టర్లు తల తెరవకుండా, ముక్కులో నుంచే పోయి మూసివేస్తున్నారు. ఆ మూసే గుడ్డ ఎక్కడిది, ఎటువంటిది, ఏ చిల్లుకు ఏ గుడ్డ పనికివస్తుంది అనేది ఈ వారం ముచ్చట. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఇదెందుకయ్యా అనకండి. మాసిక, మాటు, అంటు అని మనకు మూడు మంచి మాటలున్నవి. చిరిగిన బట్టకు వేసేది మాసిక. చిల్లు పడ్డ గిన్నెకు వేసేది మాటు. మామిడి మొక్కకు కట్టేది అంటు. ఈ మూడు పనులూ డాక్టర్లు ఒకే చోట చేస్తున్నారు. అందుకని నాకీ విషయం మీద మక్కువ.

ముందుగా ఇల్లు చూద్దాము. మన తల రెండంతస్తుల మేడ. పై అంతస్తులో మెదడు, కింది అంతస్తులో ముక్కు. మేడవారి నేల, కిందివారి కప్పు ఒకటే. ఆ కప్పు కొన్ని చోట్ల గట్టి ఎముక. ముక్కు పైభాగాన మాత్రం ఉల్లిపొర కాగితంలాగా మహా పలచన. వాసన తెలిపే నరాలు కిందికి దిగడానికి అక్కడ జల్లెడలాగా సన్నటి రంధ్రాలు కూడా ఉన్నవి. ఆ ఎముక మీద మెదడును కప్పుతూ ఒక గట్టి పొర ఉంటుంది. ఆ పొర లోపల మెదడు నీటిలో తేలుతూ ఉంటుంది. ఆ నీటిని మన పాఠ్యపుస్తకాలలో మస్తిష్క మేరుద్రవం అన్నారు. ఏ సమయంలో చూసినా అది సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతూ, పాతది రక్తంలోకి ఇంకిపోతూ ఉంటుంది. అంటే రోజుకు మూడు నాలుగు సార్లు నీరు మారుతుంది. మన బావులకు లేని అదృష్టం!

పూర్వం ఐరోపాలో వైద్యులు జలుబు నీరంతా మెదడులో నుంచే దిగుతుందని నమ్మేవారు. మెదడు అడుగున వేలాడే చిన్న గ్రంథి ద్వారా ఆ కఫం ముక్కులోకి వడకట్టబడుతుందని వారి ఊహ. అందుకే ఆ గ్రంథికి కఫం అనే అర్థం వచ్చే లాటిన్ మాటను బట్టి పిట్యూటరీ అని పేరు పెట్టారు. 17వ శతాబ్దంలో ష్నైడర్, లోవర్ అనే పండితులు అది తప్పని, జలుబు నీరు ముక్కు లోపలి పొరలోనే ఊరుతుందని రుజువు చేశారు. పేరు మాత్రం మిగిలిపోయింది. మనవారు తెలుగులో పేరు పెట్టేటప్పుడు కఫాన్ని విడిచి పీయూష గ్రంథి అన్నారు. వారికి కఫమైనది మనకు అమృతమైనది చూశారా! అయితే ఆ పాతవాళ్ల ఊహ నూటికి నూరుపాళ్లూ అబద్ధం కాలేదు. చిల్లు పడితే నిజంగానే మెదడు నీరు ముక్కులోకి దిగుతుంది. ఏ దెబ్బా తగలకుండా కూడా ఇట్లా జరగవచ్చునని లండన్ వైద్యుడు సెయింట్‌క్లెయిర్ థామ్సన్ 1899లో ఏకంగా ఒక పుస్తకమే వ్రాశాడు.

మా కాలేజీలో లెక్కలు చెప్పే మేష్టారి అక్కగారికి అదే జరిగింది. ఆవిడకు యాభై దాటినవి. కొంచెం స్థూలకాయం. ఒక చలికాలంలో ఎడమ ముక్కు కారడం మొదలుపెట్టింది. మంచి నీళ్లలాగా తేటగా ఒక్క ఎడమ పక్కనే బొట్లు బొట్లుగా పడుతుంది. వంగి ముగ్గు వేస్తుంటే ముగ్గు మీద పడుతుంది. పూజలో వంగితే పువ్వుల మీద పడుతుంది. గొంతులోకి దిగితే ఉప్పగా ఉంటుంది. ఊళ్లో వైద్యులు పడనిదేదో తగిలిందన్నారు; మాత్రలిచ్చారు, ముక్కులో చుక్కలు వేయించారు. పెరుగు మానిపించారు, తలస్నానం మానిపించారు. అయిదు నెలలు గడిచినవి. చివరికి ఇంట్లో కోడలు ఒక సంగతి కనిపెట్టింది. జలుబు నీరు తుడిచిన రుమాలు ఆరితే గంజి పెట్టినట్టు గరుకుగా అవుతుంది గదా, అత్తగారి రుమాళ్లు ఆరితే మెత్తగానే ఉంటున్నవి, ఇదేమిటని! బట్టలు ఉతికే చేతికి తెలిసిన నిజం అది. ఆ గుర్తు డాక్టర్ల పాత పుస్తకాలలోనూ ఉన్నది. అదొక్కటే రుజువు కాదు గాని, అనుమానించడానికి చాలును.

అనుమానం తీర్చుకోవడానికి ఇప్పుడు మంచి పరీక్ష ఒకటున్నది. బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ అనే పదార్థం మెదడు నీటిలో ఉంటుంది. జలుబు నీటిలో ఉండదు. కారే నీటిని చిన్న సీసాలో పట్టి పంపితే చాలు. వెనుకటి రోజుల్లో ఆ నీటిలో చక్కెర ఉన్నదా అని చూసేవారు; అది నమ్మదగ్గది కాదని తేలింది. తరువాత స్కానింగులో చిల్లు ఎక్కడున్నదో వెదుకుతారు. ఎక్కడా దొరకకపోతే, ఆపరేషను ముందు వెన్నులో నుంచి బహు కొద్ది మోతాదులో ఒక రంగు మందు ఎక్కించి, ముక్కులో ఆకుపచ్చగా ఎక్కడ మెరుస్తుందో చూసే పద్ధతి కూడా ఉన్నది.

అక్కగారికి చిల్లున్నదని తేలింది. దీనికి తొందరేమిటి, కారితే తుడుచుకోవచ్చును గదా అని ఆవిడ వాదన. కారడం కాదండీ భయం. నీరు కిందికి దిగే దారి ఉంటే, ముక్కులోని సూక్ష్మక్రిములకు పైకి ఎక్కే దారి కూడా ఉన్నట్టే. అవి ఎక్కితే మెదడు పొరల వాపు, అనగా మెనింజైటిస్ వస్తుంది. అది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. తుడుచుకుంటూ కూర్చుంటే ఆ తలుపు ఎన్నాళ్లయినా తెరిచే ఉంటుంది.

పట్నంలో పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ కుర్ర డాక్టరు ఆపరేషను వివరిస్తూ, తొడ మీద చిన్న కోత పెట్టి ఒక పొర తీస్తామన్నాడు. ఆవిడ ఉలిక్కిపడి, “నాయనా, కారేది ముక్కయితే తొడ కోస్తావేమిటి?” అని అడిగింది. డాక్టరు నవ్వి, “అమ్మా, చీర చిరిగితే మాసికకు గుడ్డ ఎక్కడి నుంచి తీస్తారు? కనపడని చోట, మడతలో మిగులు ఉన్న చోట నుంచే గదా!” అన్నాడట. మేష్టారు నాకీ మాట చెప్పినప్పుడు, ఈ కుర్రవాడు తెలుగు ఎం.ఏ. చదవవలసినవాడు సుమా అనుకున్నాను.

ఆ తొడ పొర కథ నూరేళ్ల నాటిది. 1926లో అమెరికాలో వాల్టర్ డాండీ అనే శస్త్రవైద్యుడు నుదుటి వైపు నుంచి కపాలం తెరిచి, తొడలో నుంచి తీసిన పొరతోనూ, కండ ముక్కతోనూ ఇటువంటి చిల్లును మూశాడు. ఈ జబ్బుకు శస్త్రచికిత్స అక్కడి నుంచే మొదలని చెబుతారు. అయితే ఆ దారిన పోతే మెదడును పక్కకు జరపాలి. వాసన నరాలు తెగి జీవితాంతం మల్లెపూవుకూ మంచినీళ్లకూ తేడా తెలియకుండా పోయేది. 1948లో డోల్మన్ అనే ఆయన కపాలం తెరవకుండా, కంటికీ ముక్కుకూ మధ్య కోత పెట్టి పోయాడు. 1952లో ఆస్కార్ హిర్ష్ ముక్కు లోపలి నుంచే పోయి మూశాడు. కాని చీకటి గుహలో పని. చేయి దూరని చోట చూపు ఎట్లా దూరుతుంది? 1959లో ఇంగ్లండులో హరాల్డ్ హాప్‌కిన్స్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు పొడుగాటి గాజు కడ్డీలు పేర్చి సన్నటి గొట్టంలో కాంతివంతమైన చూపు కనిపెట్టాడు. దాని నుంచి వచ్చినదే ఇప్పటి ఎండోస్కోపు. ముక్కుకు వాడేది 4 మిల్లీమీటర్ల లావు. కొస ఏటవాలుగా ఉన్నవి మూల మలుపులు కూడా చూపిస్తవి. ఈ సాధనంతో తలచిల్లు మూసిన వృత్తాంతాన్ని జర్మనీలో విగాండ్ 1981లో ప్రకటించాడు. ఆ తరువాత దారి రహదారి అయినది.

ఇక గుడ్డల కొట్టులోకి పోదాము. రోగి ఒంటిలో నుంచే తీసుకునేవి నాలుగు రకాలు. మొదటిది తొడ పక్క కండలను గట్టిగా చుట్టి ఉండే తెల్లటి పొర. ఫాషియా అంటారు. పట్టులాగా పలచగా ఉంటుంది, పంచెలాగా గట్టిగా ఉంటుంది, కావలసినంత వెడల్పు దొరుకుతుంది. తీసిన చోట కొన్నాళ్లు నడుస్తుంటే లాగినట్టుంటుంది. చెవి పైన జుట్టులో కణత కండను కప్పే పొర కూడా ఈ జాతిదే; ఇంకా పలచన. కర్ణభేరి చిల్లుకు డాక్టర్లు వేసే మాసిక తరచు అదే. రెండవది కొవ్వు. పొట్ట మీద నుంచో, చిన్న చిల్లయితే చెవి తమ్మె నుంచో చిన్న ఉండ తీస్తారు. కొవ్వు అక్కరకు వచ్చే చోటు లోకంలో ఇదొకటున్నందుకు మనలో కొందరు సంతోషించవచ్చును! మూడవది ముక్కు లోపలి తడి పొర ముక్క. నాలుగవది రెండు ముక్కు రంధ్రాల నడిమి గోడ నుంచి తీసే మృదులాస్థి, లేదా ఎముక పెళ్ల. ఇది గుడ్డ కాదు. గుడ్డకు దన్నుగా ఉండే చెక్క.

గుడ్డ ఉన్నంతలో కుట్టు కుదరదు. ఇక్కడ కుట్టడానికి చోటే లేదు. అందుచేత ఇది దర్జీ పని కన్న మాట్లు వేసేవాడి పనికి దగ్గర. గిన్నెకు మాటు వేసేవాడు ముందుగా చిల్లు చుట్టూ గీకి గీకి లోహాన్ని తేటపరుస్తాడు. మకిలి మీద మాటు నిలవదు. డాక్టరూ అంతే. చిల్లు చుట్టూ ఉన్న తడి పొరను ఒలిచివేసి పచ్చి ఎముక కనపడేటట్టు చేస్తాడు. పచ్చిదానికి పచ్చిది తగిలితేనే అతుకుతుంది. పైగా తడి పొరను మాసిక కింద సమాధి చేస్తే అది ఊరుకోక చీమిడి ఊరుతూనే ఉండి, సంవత్సరాలు గడిచాక సంచిలాగా ఉబ్బుతుంది. అదే కారణాన ముక్కు పొర ముక్కను వేసేటప్పుడు తడి ముఖం ముక్కు వైపే ఉండాలి. తిరగవేస్తే అది చీరకు తిరగవేసిన అంచు లాంటి పొరపాటు కాదు. మళ్లీ ఆపరేషనుకు దారి తీసే పొరపాటు.

మాసిక ఎటువైపు వేయాలి అన్నది మరొక సంగతి. చెరువుగట్టుకు బుంగ పడితే బయటి వైపు మట్టి కొడితే నీరు నెట్టివేస్తుంది. నీటి వైపున అడ్డం వేస్తే ఆ నీరే దాన్ని గట్టుకు అదిమి పడుతుంది. తలలోని నీటికి కూడా ఒత్తిడి ఉన్నది. అందుచేత వీలైన చోట మొదటి పొరను చిల్లులో నుంచి లోపలికి దూర్చి, ఎముకకు పై వైపున పరుస్తారు. మెదడు నీరే దాన్ని నొక్కి పెడుతుంది. దాని మీద, అనగా ముక్కు వైపున, రెండవ పొర. కొవ్వు ఉండను దారంతో కట్టి లోపలికి నెట్టి, దారం లాగితే స్నానపు తొట్టి బిరడాలాగా బిగిసిపోతుంది. 2008లో న్యూయార్కు వైద్యులు మరొక చమత్కారం ప్రకటించారు. చిల్లు కన్న పెద్దదిగా ఫాషియా పరచి, నడుమ గట్టి పలకనొకదాన్ని చిల్లులోకి ఇరికిస్తారు. పొర అంచులు పలక చుట్టూ మడతపడి బిగుసుకుంటవి. దానికి గ్యాస్కెట్ సీల్ అని పేరు. ప్రెషరు కుక్కరున్న ఏ ఇల్లాలికీ దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇన్ని గుడ్డలలో ఏది మేలు? ఇక్కడ ఒక ఆశ్చర్యం. 2000 సంవత్సరంలో అంతవరకు ప్రకటితమైన 289 చిల్లుల ఫలితాలు కలిపి లెక్క చూశారు. మొదటి ప్రయత్నంలోనే నూటికి 90 మూసుకున్నవి. మళ్లీ చేసినవి కలిపితే 97. ఏ గుడ్డ వాడారన్నదానిని బట్టి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు! అంటే చిన్న చిల్లుకు గుడ్డ కన్న మాసిక వేసే చేయి ముఖ్యమన్న మాట. పాతచీర ముక్కయినా పట్టుముక్కయినా, శుభ్రంగా గీకి, అంచులు కలిపి, సరిగా పరచినవాడిదే నెగ్గు.

రోగి ఒంటిని కోయడమెందుకు, బజారులో దొరకదా అంటారా? దొరుకుతుంది. అయితే ఆ బజారుకొక చేదు చరిత్ర ఉన్నది. వెనుక చనిపోయినవారి మెదడు మీది గట్టి పొరను తీసి, ఎండబెట్టి, పొట్లాలు కట్టి దేశదేశాల ఆసుపత్రులకు అమ్మేవారు. చూడడానికి దివ్యమైన గుడ్డ. అదే జాతి, అదే నేత. 1987లో అమెరికాలో ఒక సంగతి బయటపడింది. అటువంటి పొర వేయించుకున్న ఒకరికి మెదడు స్పంజిలాగా తూట్లు పడి ప్రాణం పోయే క్రాయిట్జ్‌ఫెల్ట్-జాకబ్ జబ్బు వచ్చింది. పొర ఇచ్చిన మృతులలో ఎవరికో ఆ జబ్బు ఉండి ఉండాలి. జపానులో ఈ విధంగా 150 మందికి పైగా ఆ జబ్బు పాలైనట్టు తరువాత లెక్క తేలింది. కొందరికి మాసిక వేసిన ఎన్నో ఏళ్లకు బయటపడింది. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అటువంటి పొరలు ఇక వాడవద్దని హెచ్చరించింది.

ఇప్పుడు బజారులో ఉన్నవి వేరు. ఆవు జాతి పశువుల మడమ నరం నుంచి తీసిన కొల్లాజెన్‌తో చేసిన మెత్తటి రేకు ఒకటి. పంది చిన్నప్రేవు లోపొరతో చేసినది ఒకటి. జీవకణాలన్నీ కడిగివేసిన మనిషి చర్మం మరొకటి. ఇవి పందిరి రాటల వంటివి. రోగి సొంత కణాలు వాటిలోకి పాకి కొత్త పొర అల్లుకుంటవి. ఒంటి మీద రెండవ కోత తప్పుతుంది, ఆపరేషను సమయం కలిసివస్తుంది. ఖర్చు మాత్రం పెరుగుతుంది. మన ఇళ్లలో ఆలోచించవలసిన మరో సంగతి ఉన్నది. ఆవుదనీ పందిదనీ వింటే మనసుకు కష్టం తోచేవారు అన్ని మతాలలోనూ ఉన్నారు. ఆపరేషను ముందు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడే, “వాడేది దేనితో చేసినది, డాక్టరుగారూ?” అని అడగవచ్చును. అడగడం తప్పు కాదు. చెప్పడం వారి ధర్మం. సొంత తొడ ఎట్లాగూ ఉండనే ఉన్నది.

జిగురు మాటేమిటని కూడా అడుగుతారు. రక్తం గడ్డకట్టే పదార్థాలతోనే చేసిన ఫైబ్రిన్ జిగురు వాడతారు. అది మాసికను నాలుగు రోజులు కదలకుండా పట్టుకునేదే గాని, తానే చిల్లు మూసేది కాదు. లోహపు జల్లెడలూ, ఎముక సిమెంటూ కూడా ఉన్నవి. కాని ముక్కు క్రిములున్న చోటు. వాటి మీద పొర తొలగి అవి బయటపడితే చీము పట్టే భయం. అందుకని ముక్కు దారిన పనిచేసేవారు వాటిని ఆచితూచి వాడతారు.

ఇంతవరకు చెప్పినది చిన్న చిల్లుల మాట. మెదడు అడుగున గడ్డలను కూడా ఇప్పుడు ముక్కులో నుంచే తీస్తున్నారు. అప్పుడు పడేది చిల్లు కాదు, కిటికీ. నీరు బొట్లుగా కాక ధారగా వస్తుంది. అక్కడ తెగ్గోసి తెచ్చిన గుడ్డ చాలదు. ఎందుకని? ఒంటి నుంచి విడదీసిన ఏ ముక్కకైనా నెత్తురు సరఫరా తెగుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు చుట్టుపక్కల తేమ పీల్చి బ్రతుకుతుంది. ఆ తరువాత అంచుల నుంచి కొత్త రక్తనాళాలు పాకిరావాలి. ముక్క చిన్నదైతే నడిమికి చేరతవి. పెద్దదైతే చేరేలోగా నడుమ ఎండిపోతుంది. ఒక పక్క నీరు, మరొక పక్క గాలి. ఆధారమంతా అంచులదే మరి.

దీనికి మన తోటమాలి దగ్గర జవాబున్నది. మామిడికి అంటు కట్టే ఒక పద్ధతిలో తల్లిచెట్టు కొమ్మను కోయరు. కుండీలో మొక్కను కొమ్మ దగ్గరకే తీసుకుపోయి, రెంటినీ ఒక పక్క చెక్కి, కలిపి కడతారు. రెండూ అతికేవరకు కొమ్మ తల్లి పాలే తాగుతుంది. అతికిన తరువాత తెగ్గోస్తారు. ఈ కిటుకు మన దేశపు వైద్యులకు ఏనాటి నుంచో తెలుసును. తెగిన ముక్కుకు ఆకుతో కొలత తీసి, చెంప చర్మాన్ని మొదలు తెగకుండా తిప్పి అతకడం సుశ్రుత సంహితలో ఉన్నది. 1792 నాటి యుద్ధంలో ఇంగ్లీషు సైన్యం బండి ఎడ్లు తోలే కవాస్‌జీ అనే మనిషికి టిప్పు సుల్తాను మనుషులు ముక్కు కోశారు. ఏడాది తరువాత పుణే దగ్గర ఇటుకలు చేసే కులంవాడొకడు మైనంతో కొలత తీసి, నుదుటి చర్మాన్ని కనుబొమల నడుమ కాడ ఉంచి కిందికి తిప్పి ముక్కు చేశాడు. అతికిన తరువాతనే, సుమారు 25 రోజులకు, ఆ కాడ కోశాడు. 1794 అక్టోబరులో లండన్ పత్రిక జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో ఈ వృత్తాంతం బొమ్మతో సహా అచ్చయినది. అది చదివిన దొరలు నేర్చుకున్నారు. 1814లో జోసెఫ్ కార్ప్యూ లండన్‌లో అదే పని చేశాడు.

ఇదే కాడ కిటుకు తలచిల్లుకు వచ్చింది. అర్జెంటీనాలోని రొసారియో పట్టణ వైద్యులు హదాద్, బస్సగస్తెగీ అనే ఇద్దరు, అమెరికాలోని పిట్స్‌బర్గ్ వైద్యులతో కలిసి 2006లో ప్రకటించిన పద్ధతి ఇది. ముక్కు నడిమి గోడ మీది పొరను ఒక పక్కంతా దుప్పటిలాగా ఒలుస్తారు. వెనుక వైపున సన్నటి కాడ మాత్రం కోయరు. దాని వెంట రక్తనాళం ఉంటుంది. ఆ దుప్పటిని తిప్పి చిల్లు మీద కప్పుతారు. కప్పింది మొదలు దానిలో నెత్తురు పారుతూనే ఉంటుంది. 2012లో పెద్ద చిల్లుల లెక్కలు కలిపి చూస్తే, విడి ముక్కలు వేసినచోట నూటికి 15.6 మళ్లీ కారినవి. కాడ ఉన్న పొర వేసినచోట 6.7 మాత్రమే. చిన్న చిల్లుల దగ్గర కనపడని తేడా పెద్ద చిల్లుల దగ్గర కనపడింది. గోడ ఒలిచిన చోట మళ్లీ పొర అల్లుకునేవరకు కొన్ని వారాలు ముక్కులో పొక్కులు కట్టి చిరాకు పెడుతుంది. అది ఇచ్చుకోవలసిన మూల్యం. ముక్కు పొర పనికిరాని వారికి నుదుటి ఎముక మీది పొరను కాడతో సహా ముక్కు మొదట్లో చిన్న దారి చేసి లోపలికి దించుతారు. నాడు కవాస్‌జీ ముక్కును బాగుచేసిన నుదురే నేడు తలను బాగుచేస్తున్నది.

కిటికీ పెద్దదైతే మాసిక అతికేవరకు పై నుంచి ఒత్తిడి తగ్గించడం కూడా మేలే. 2019లో పిట్స్‌బర్గ్ వైద్యులు 170 మంది మీద పరీక్షించి చెప్పారు: నడుములో సన్నటి గొట్టం ఉంచి కొద్ది రోజులు నీరు తీసినవారిలో నూటికి 8.2 మళ్లీ కారినవి, తీయనివారిలో 21.2. చిన్న చిల్లులకు ఆ గొట్టం సాధారణంగా అక్కరలేదు.

మేష్టారి అక్కగారిది చిన్న చిల్లే. లోపల తొడ పొర, బయట ముక్కు పొర, దాని మీద జిగురు. నాలుగో రోజున లేచి నడిచింది. కాని అంతటితో కథ అయిపోలేదు. ఏ దెబ్బా లేకుండా చిల్లు పడ్డవారిలో చాలామందికి తలలోని నీటి ఒత్తిడే ఎక్కువ. ఒంటి బరువుకూ దానికీ సంబంధం ఉన్నది. ఆ ఒత్తిడి తగ్గించకపోతే ఈ చిల్లు మూసినా మరో చోట పడుతుంది. అందుకని మాత్రలు ఇచ్చారు, బరువు తగ్గమన్నారు, న్యుమోకాకస్ టీకా వేశారు. “ముక్కు కారితే తొడ కోశారు, తొడ మానితే నెయ్యి మానిపించారు,” అని ఆవిడ ఇప్పటికీ డాక్టరును తిట్టి, దీవిస్తుంది.

ఈ ఆపరేషను చేయించుకున్నవారు ఇంట్లో ఉంటే మిగిలినవారు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నవి. డాక్టరు చెప్పినన్నాళ్లూ ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ముక్కు మూసి ఆపుకుంటే గాలి నేరుగా మాసిక మీద కొడుతుంది. వంగి బిందె ఎత్తకూడదు. తల ఎత్తుగా దిండ్లు వేసుకుని పడుకోవాలి. మలబద్ధకం రాకుండా చూడాలి. ముక్కితే తలలో ఒత్తిడి పెరుగుతుంది. ఇంటి ఇల్లాలికే ఆపరేషను అయితే వంగని ఇల్లాలితో ఇల్లు ఎట్లా నడుస్తుందని ఎవరూ అనకండి. ఆ కొద్ది వారాలూ ముగ్గు మగవాళ్లు వేస్తే వాకిలి ఏమీ అనుకోదు.

తలకు దెబ్బ తగిలిన వారిలో కూడా ఈ చిల్లు పడుతుంది. మోటారు సైకిలు మీద నుంచి పడ్డ కుర్రవాడికి ముక్కులో తేట నీరు వస్తుంటే అది ఏడుపు నీరని తుడిచి ఊరుకోకండి, ఆసుపత్రికి తీసుకుపొండి. దెబ్బ వల్ల పడ్డ చిల్లులు అనేకం విశ్రాంతితోనే మూసుకుంటవి. మూసుకోనివాటికి మాసిక ఉండనే ఉన్నది. ఇక ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఒక్క పక్కనే నెలల తరబడి తేట నీరు కారుతున్నదని చెబితే, మళ్లీ కషాయం కాచే ముందు ఆవిడ రుమాలు ఒకటి ఆరవేసి, చేత్తో తాకి చూడండి.